ఎటాక్ అనుకునే ముందు

పాపా,

నిన్న ఫోన్‌లో "పెద్దమ్మా, మళ్లీ ఎటాక్ వచ్చేసింది, ఏడు రోడ్ల నుంచి ఇంటికొచ్చేసరికి కాళ్లు తేలిపోయినాయి" అని ఏడ్చావు. పొద్దున లేచేసరికి బాగుందని మెసేజ్ పెట్టావు. అయితే అది మన మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బు ఎటాక్ కాదు, ఎండ.

మే నెల, మధ్యాహ్నం రెండు, కడప! మామూలోళ్లే సొమ్మసిల్లుతారు. మనిద్దరికీ ఉన్న ఈ జబ్బులో నరాల మీది మైలిన్ పొర అక్కడక్కడ ఊడిపోయి ఉంటుంది. ఒళ్లు అర డిగ్రీ వేడెక్కినా ఆ చోట్ల సంకేతం సరిగా సాగదు. పాత లక్షణమే పైకి లేస్తుంది, ఒళ్లు చల్లబడితే అణుగుతుంది. కొత్తగా ఏమీ దెబ్బతినదు.

అసలు ఎటాక్, అంటే డాక్టర్లు చెప్పే రిలాప్స్, తీరు వేరు. కొత్త లక్షణమో, పాతదే బాగా ముదిరో, గంటల్లో రోజుల్లో పెరిగి 24 గంటలు దాటినా వదలదు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉండవు. 16 ఏళ్ల కింద నాకు మొదట కుడికన్నే పోటెత్తింది. ఎడమ కంటికి ఎర్రగా ఉన్న కుంకుమ కుడికంటికి పాత ఇటుక రంగులో కనపడింది. కల్తీ సరుకని అంగడాయన్ని తిట్టొచ్చాను కూడా! ఇంకోసారి టవర్ క్లాక్ దగ్గర కాలి చెప్పు జారిపోతే నాలుగడుగులు వేసినాక గానీ తెలీలేదు.

ఒకసారి మాత్రం మోసపోయినాను. కాళ్లు కట్టెల్లా బిగుసుకుంటే ఒక ఆసుపత్రిలో యూరిన్ చూడకుండానే స్టెరాయిడ్ ఎక్కించినారు. తీరా చూస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్. మంట కూడా లేదు నాకు! ఆ స్టెరాయిడ్‌తో షుగర్ పెరిగింది, నాలుగు రాత్రులు కునుకు లేదు. అందుకే సెలైన్ పెట్టకముందే యూరిన్ టెస్ట్ చేయమని నోరు తెరిచి అడుగు. మొహమాటపడొద్దు.

నిజంగా రిలాప్స్ అయితే మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సాధారణంగా రోజుకు 1 గ్రాము, 3 నుంచి 5 రోజులు ఎక్కిస్తారు. త్వరగా కోలుకోవడానికే అది. చివరికి ఎంత నయమవుతుందన్నది దాంతో మారదు, కాబట్టి చిన్న తిమ్మిరికి డాక్టరు వద్దంటే గొడవ పడకు. రోజువారీ మందు మాత్రం నీ అంతట నువ్వు ఆపొద్దు.

చూపు మసకబారినా, కాలు నిలవకపోయినా, మూత్రం రాకుండా ఆగిపోయినా 24 గంటలు లెక్కపెడుతూ కూర్చోకు, ఆ రోజే డాక్టరుకు ఫోన్ చెయ్యి. మిగతా వాటికి ముందు నీడపట్టున కూర్చుని, మెడకు తడిగుడ్డ చుట్టుకుని, జ్వరం చూసుకో.

ఇంట్లో థర్మామీటరు లేదన్నావు కదా, మీ ఆయనతో ఈ సాయంత్రమే తెప్పించు.

నీ పెద్దమ్మ,
అనంతపురం