టాంజానియాలో సిస్టర్లు, బ్రదర్లు ఏ పని చేసి బతుకుతారు? ఇక్కడ ఉంటూ నేను చూసింది

మీ ప్రశ్న ఇది: మీ మేనకోడలు మాటపట్టు (సిస్టర్‌గా పేదరికం లాంటి వ్రతాలు) ఇచ్చి, నర్సింగ్ కూడా పూర్తి చేసింది. ఇప్పుడు ఆమె సభవాళ్లు, అంటే ఆమె చేరిన సిస్టర్ల సంస్థవాళ్లు, దక్షిణ టాంజానియాలోని ఒక మిషన్ ఆసుపత్రికి పంపుతున్నారు. అక్కడ జీతం ఉంటుందా, మఠం ఖర్చులు ఎలా గడుస్తాయి, యూరప్ నుంచి డబ్బు రావడం ఆగిపోతే వీళ్ల పరిస్థితి ఏంటి అని మీ అక్కగారికి టెన్షన్.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఇక్కడి పెద్ద మఠాల్లో తిండి, నీళ్లు, కరెంటు, మరమ్మతులు, రోజువారీ ఖర్చులు చాలావరకు వాళ్ల చేతిపని మీదే నడుస్తాయి. ఆసుపత్రి, బడి మాత్రం సొంత రాబడితో గట్టెక్కవు. ఈ రెండు లెక్కలనూ కలిపేసి చూడటం వల్లే “అంతా విదేశీ డబ్బే” అనే మాట పుడుతుంది.

నాది పలాస. మా ఊరి జీడి ఫ్యాక్టరీలకు స్థానిక పంట చాలదు, ఆఫ్రికా నుంచి పచ్చి జీడిపిక్కలు తెప్పించుకోవాల్సిందే. ఆ కొనుగోలు పని మీదే నేను దక్షిణ టాంజానియా ఓడరేవు మ్ట్వారాలో ఉంటున్నాను. అక్టోబర్‌లో వేలాలు మొదలైతే జనవరి దాకా మ్ట్వారా, మసాసి రోడ్డు మీదే మా తిరుగుడంతా. మసాసి ఇంకా 40 కిలోమీటర్లు ఉందనగా న్డాండా వస్తుంది. అక్కడ బెనెడిక్టైన్ సన్యాసుల, అంటే పునీత (సెయింట్) బెనెడిక్ట్ నియమావళి ప్రకారం బతికే క్యాథలిక్ సన్యాసుల మఠం ఉంది. సీజన్‌లో ఆదివారం పూజ దొరికేది నాకు అక్కడే. అలా మొదలైన పరిచయం ఇది.

న్డాండాను అర్థం చేసుకోవాలంటే నీళ్ల నుంచి మొదలుపెట్టాలి. రోడ్డుకు ఒక పక్కన మకొండే పీఠభూమి గోడలా నిలబడి ఉంటుంది. పైన నేల ఇసుక, ఎంత వాన పడినా ఇంకిపోతుంది. ఆ ఇంకిన నీరంతా కొండ అడుగున ఊటలుగా బయటికి వస్తుంది. పైన ఉండే జనం తరతరాలుగా బిందెడు నీళ్ల కోసం కొండ దిగి ఎక్కేవాళ్లు. సన్యాసులు 1906లో మఠం కట్టుకున్నది ఆ ఊటల దగ్గరే. ఆ నీళ్లనే పైపుల్లో మళ్లించి ఇళ్లకు, ఆసుపత్రికి, తోటకు ఇచ్చుకున్నారు. అదే నీటితో చిన్న టర్బైన్ తిప్పి కరెంటు తీశారు. ఇప్పుడు సీసాల్లో పట్టి అమ్ముతున్నారు కూడా. బస్సు ఆగగానే కిటికీ దగ్గరికి వచ్చే పిల్లల చేతుల్లో ఆ సీసాలు మీకు కనిపిస్తాయి.

అయితే 1906 వెనుక ఒక చేదు కథ ఉంది, దాన్ని దాటేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. అప్పుడు ఇది జర్మన్ వలస రాజ్యం. జనంతో బలవంతంగా పత్తి పండించేవాళ్లు. 1905లో మజి మజి తిరుగుబాటు లేచింది. ఆ కోపంలో మిషన్లు కూడా తగలబడ్డాయి. బిషప్ కాసియన్ స్పిస్‌నూ, ఆయనతో ప్రయాణిస్తున్న ఇద్దరు బ్రదర్లు, ఇద్దరు సిస్టర్లనూ చంపేశారు. తర్వాత తిరుగుబాటును అణచడానికి ప్రభుత్వ సైన్యం పంటలను తగలబెడితే వచ్చిన కరువులో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. అలాంటి నేల మీద మళ్లీ వచ్చి నిలబడాలంటే ప్రార్థన ఒక్కటే సరిపోదు, జనానికి పనికొచ్చేది ఏదో చేసి చూపించాలి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ మిషనరీలను బ్రిటిష్‌వాళ్లు పంపేశారు. 1920లలో తిరిగి వచ్చినవాళ్లు మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది. ఓడరేవుకు దూరం, సరైన రోడ్డు లేదు. తలుపు కావాలంటే చెట్టు కోసి తలుపు చేసుకోవాలి, ఇటుక కావాలంటే మట్టి తొక్కి కాల్చుకోవాలి. వడ్రంగి షెడ్డు, కమ్మరి షెడ్డు, ప్రెస్సు, గ్యారేజీ అన్నీ అలా గత్యంతరం లేక పుట్టినవే. వ్యాపారం చేద్దామని కాదు.

ఒకసారి మా పికప్‌కు కమాన్ కట్ట విరిగింది, బండి నిండా శాంపిల్ బస్తాలు. మసాసి దాకా లాక్కెళ్లే ధైర్యం లేక మఠం గ్యారేజీకి తోలాను. అక్కడ మెకానిక్ టాంజానియా బ్రదరే. తెల్ల అంగీ లోపల వదిలేసి, నీలం ఓవరాల్ వేసుకుని బండి కింద ఉన్నాడు. నన్ను ఆకట్టుకున్నది గోడ. ఒక పెద్ద చెక్క పలక మీద ప్రతి స్పానర్‌కూ, ప్రతి సుత్తికీ దాని ఆకారంలోనే రంగుతో గీత గీసి ఉంది. సాయంత్రం పనిముట్లన్నీ తిరిగి తగిలించాక, ఎక్కడైనా ఖాళీ ఆకారం కనిపిస్తే అది దొరికేదాకా కుర్రాళ్లెవరూ ఇంటికి వెళ్లరు. పునీత బెనెడిక్ట్ 6వ శతాబ్దంలో రాసిన నియమావళి 31వ అధ్యాయంలో, మఠం పనిముట్లను బలిపీఠం మీద పాత్రలతో సమానంగా చూడాలని ఉంది. అదేదో పుస్తకంలో మాట అనుకునేవాణ్ణి. అక్కడ గోడ మీద కనిపించింది.

బిల్లు కూడా నేను అనుకున్నదానికంటే తక్కువే వచ్చింది. మళ్లీ అదే నియమావళి: 57వ అధ్యాయంలో, మఠంలో చేసిన వస్తువులు అమ్మేటప్పుడు బయటివాళ్ల ధరకంటే కాస్త తక్కువకే ఇవ్వాలని, ధరలోకి అత్యాశ చొరబడకూడదని ఉంది. 48వ అధ్యాయమైతే, తమ చేతుల కష్టంతో బతికినప్పుడే నిజమైన సన్యాసులు అంటుంది. వ్యాపారంలో ఉన్నవాణ్ణి కాబట్టి నాకు ఈ తక్కువ ధర సంగతి మొదట మింగుడుపడలేదు. తర్వాత అర్థమైంది. వాళ్లకు గ్యారేజీ నుంచి రావాల్సింది లాభం ఒక్కటే కాదు. ఆసుపత్రి అంబులెన్స్ ఆగిపోతే అదే రోజు బాగవ్వాలి, దార్ ఎస్ సలామ్ నుంచి ఎవరో వచ్చేదాకా కూర్చోకూడదు. నా దృష్టిలో ఇక్కడ స్వయం పోషణ అంటే ఇదే: ఎవరి కోసమూ ఎదురుచూడకుండా పని జరిగిపోవడం. అది జమాఖర్చుల పుస్తకంలో కనిపించదు, అందుకే బయటివాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఇక జీతం సంగతి. మాటపట్టులో పేదరికం ఒకటి కదా, కాబట్టి నర్సుగా మీ మేనకోడలి పేరు మీద జీతం వచ్చినా అది ఆమెది కాదు, సభది. మన పాతకాలపు ఉమ్మడి కుటుంబం లాగే, అందరి సంపాదనా ఒక్క చేతికి చేరుతుంది, ఎవరికి ఏం కావాలన్నా అక్కడి నుంచే వస్తుంది. చెప్పులు, సబ్బు, మందులు, ఇంటికి వెళ్లడానికి విమానం టికెట్ అన్నీ అంతే. ముసలితనంలో చూసుకునేదీ సభే. ఇంటికి డబ్బు పంపుతుందని మాత్రం ఎదురుచూడకండి. ఈ మాట మీ అక్కగారికి ముందే చెప్పడం మంచిది.

సిస్టర్ల మఠాల విషయానికొస్తే, నాకు అందరికంటే గొప్పగా అనిపించేది చిపోలే. సోంగేయా వైపు, రువుమా ప్రాంతంలో ఉంటుంది. అక్కడి పునీత ఆగ్నేస్ బెనెడిక్టైన్ సిస్టర్లు అందరూ ఆఫ్రికా అమ్మాయిలే. పొలం, పశువులు, బడులు, అనాథ పిల్లల ఇల్లు అన్నీ చూసుకుంటారు. వాళ్లు రువుమా నది మీద తులీలా దగ్గర 5 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం పెట్టించి, కరెంటును ప్రభుత్వ విద్యుత్ సంస్థ టానెస్కోకు అమ్ముతున్నారు. మఠంలో దీపాలకని చిన్న టర్బైన్ పెట్టుకోవడం ఈ దేశంలో చాలా మిషన్లు చేసిన పనే. చుట్టుపక్కల పట్టణాలకు కరెంటు అమ్మే స్థాయికి సిస్టర్లు ఎదగడం మాత్రం వేరు. అనాథ పిల్లల ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందని ప్రతి ఏడాదీ ఎవరికో ఉత్తరం రాసే అవసరం తగ్గాలంటే ఇలాంటి నిలకడైన రాబడి కావాలి. సాయం చేసేవాళ్లు ఎవరైనా ఉంటే నేను చెప్పేది ఒకటే: ఏటా కొంత పంచడం కంటే ఇలాంటిది ఒకటి నిలబెట్టడానికి ఇవ్వండి.

ఆసుపత్రి లెక్క వేరు అన్నాను కదా. న్డాండా ఆసుపత్రికి పేరు తెచ్చినవాళ్లలో జర్మనీలోని టుట్జింగ్ బెనెడిక్టైన్ సభకు చెందిన డాక్టర్ సిస్టర్ తెక్లా స్టిన్నెస్‌బెక్ ఒకరు. కుష్ఠు రోగులకు ఆమె చేసిన సేవను ఇక్కడివాళ్లు ఈనాటికీ తలుచుకుంటారు. ఇప్పుడది చుట్టుపక్కల జిల్లాలన్నిటి నుంచీ రోగులు వచ్చే పెద్ద ఆసుపత్రి. రోగుల దగ్గర ఫీజు తీసుకుంటారు. కానీ జీడి సీజన్ అయిపోయి చేతిలో చిల్లిగవ్వ లేని మార్చిలో కాన్పుకు వచ్చిన ఆమె దగ్గర ఏం తీసుకోగలరు? ఇక్కడి చర్చి ఆసుపత్రుల్లో కొంతమంది సిబ్బంది జీతాలను ప్రభుత్వం భరిస్తుంది. కొంత బీమా నుంచి వస్తుంది. మిగిలిన లోటుకు, ఎక్స్‌రే యంత్రాల్లాంటి పెద్ద ఖర్చులకు మాత్రం యూరప్ దాతల మీద ఆధారపడక తప్పదు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పేదవాళ్లకు వైద్యం చేసే ఆసుపత్రి లాభాల్లో ఉందంటే, ఎవరినో గేటు దగ్గరే ఆపేస్తున్నారని నాకు అనుమానం వస్తుంది.

మీ అక్కగారి భయంలో నిజం లేకపోలేదు. జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో చర్చికి వచ్చేవాళ్లు తగ్గుతున్నారు, విరాళాలు ఇచ్చే తరం ముసలిదైంది. అక్కడి నుంచి వచ్చి ఇక్కడ వడ్రంగం, కరెంటు పని నేర్పిన పాత బ్రదర్లలో చాలామంది ఇప్పుడు మఠం శ్మశానంలో ఉన్నారు. మఠం మాత్రం ఖాళీ కాలేదు. ఇప్పుడు పూజలో పాడే గొంతుల్లో ఎక్కువ టాంజానియా గొంతులే, పెత్తనమూ వాళ్ల చేతుల్లోకే వచ్చింది. వాళ్లకున్న అసలు ఇబ్బంది డబ్బు కంటే పనివాళ్లు. ఇక్కడ పని నేర్చుకున్న కుర్రాడు మంచి వెల్డర్ కాగానే మ్ట్వారా గ్యాస్ కంపెనీల వైపో, దార్ ఎస్ సలామ్‌కో వెళ్లిపోతాడు. మఠం అంత జీతం ఇవ్వలేదు. చేతిలో పని ఉన్న ఒక కుర్రాడు ఊరికి మిగిలాడు కదా అని బ్రదర్లు సంతోషంగానే సాగనంపుతారు, మర్నాడు కొత్తవాడికి ఫైల్ పట్టుకోవడం దగ్గర నుంచి మొదలుపెడతారు. వాళ్ల ఈ ఓపికంటే నాకు చాలా గౌరవం.

మీ మేనకోడలికి పనికొచ్చే సంగతులు ఇంకొన్ని. స్వాహిలీ రాకుండా వార్డులో ఒక్కరోజు కూడా గడవదు, కాబట్టి రాగానే డ్యూటీలో దూకకుండా భాష నేర్చుకోవడానికి కొన్ని నెలలు ఇవ్వమని సభ పెద్దలను అడగమనండి. తిండికి ఇబ్బంది లేదు: అన్నం, బీన్స్, ఆకుకూరలు, కర్రపెండలం, కొబ్బరి, చింతపండు అన్నీ దొరుకుతాయి. కారం, ఇంగువ మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోవాలి. మలేరియా ఇక్కడ మామూలు, దోమతెర లేకుండా పడుకోకూడదు. తెల్లవారకముందే ప్రార్థన, మధ్యాహ్నం ఎండలోనూ పని. మొదటి ఏడాది ఒంటికి అలవాటవ్వాలి.

విదేశీ నర్సులు ఇక్కడ పని చేయాలంటే టాంజానియా నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు కావాలి, రెసిడెన్స్ పర్మిట్ కూడా ఉండాలి. మార్కుల జాబితాలు, మన రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ పత్రం ఒరిజినల్స్ ఆమె చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయొద్దు. ఇక్కడికి వచ్చాక ఏ కాగితమైనా మన దగ్గర నుంచి తెప్పించుకోవాలంటే చాలా ఆలస్యమవుతుంది.