బీబీసీ టీవీ సిరీస్ షెర్లాక్ నాలుగో సీజన్ ముందు కథతో అతకనట్టుంటే ఇది చూడు

మూడో సీజన్ అవ్వగానే డైరెక్టుగా నాలుగుకి దూకేసుంటావ్ బ్రో, అందుకే మూడో సీజన్ చివర్లో షెర్లాక్ ఎక్కిన విమానం సంగతేంటి, మధ్యలో ఏదో కట్ చేశారా అని డౌటొచ్చింది. ఆ మధ్యలో 2016 జనవరి 1న వచ్చిన స్పెషల్ ఎపిసోడ్ ఒకటుంది, ది అబామినబుల్ బ్రైడ్.

1. సీజన్ల లిస్టులో కనపడకపోతే ఆ పేరు కొట్టి విడిగా వెతుకు, చాలామంది వదిలేసేది ఇక్కడే.

2. గుర్రబ్బళ్ళు, 1895 నాటి లండన్ చూసి ఇదేదో వేరే కథ అని ఆపేయకు, సగం దాటాక కథ మళ్ళీ ఆ విమానంలోకే తీసుకొచ్చి పడేస్తుంది (ఇంకా చెప్తే మజా పోద్ది).

3. ఆ తర్వాతే 2017 సీజన్.

గంటన్నరే, ఈ బెజవాడ ఎండలో మధ్యాహ్నం ఎలాగూ బయటికెళ్ళలేం, కరెంటుంటే ఒక్క సిట్టింగ్‌లో అయిపోద్ది.