బుజ్జీ, తేదీ మాత్రం ఎవరికీ చెప్పకు

బుజ్జీ,

నిన్న ఫోన్లో నువ్వు సగం సగం మాట్లాడుతుంటే పక్కనే మీ అత్తగారు ఉన్నారని అర్థమైంది. అందుకే రాస్తున్నా. నువ్వు చేయించుకోబోయే ఐవీఎఫ్, అదే టెస్ట్‌ట్యూబ్ బేబీ వైద్యం, నేను 2009లో గుంటూరులో చేయించుకున్నాను. పోయినేడు మా ఆడపడుచు కూతురికి తోడుగా నెలన్నర హైదరాబాద్‌లో ఉన్నాను కాబట్టి ఇప్పటి పద్ధతులూ కొంత తెలుసు. ఏ మందు ఎంత అనేది డాక్టరు చూసుకుంటారు. ఇంటి దగ్గర సర్దుకోవాల్సినవే ఎవరూ చెప్పరు.

ముందు డబ్బు. క్లినిక్ వాళ్లు చెప్పే ప్యాకేజీలో, గుడ్లు పెరగడానికి వేసే ఇంజెక్షన్లు కలిశాయో లేదో అడుగు. చాలాచోట్ల కలవవు, అసలు బరువంతా వాటిదే. మత్తు డాక్టరు ఫీజు, పిండాలు ఫ్రీజ్ చేస్తే ఏడాదికి ఎంత, తర్వాత ట్రాన్స్‌ఫర్‌కి, అంటే పిండాన్ని గర్భసంచిలో పెట్టడానికి, విడిగా ఎంత, ఇవన్నీ కాగితం మీద రాయించుకో. ఉన్నదంతా ఈ ఒక్కసారికే ఊడ్చి పెట్టొద్దు. మేం అలాగే పెట్టేశాం. మొదటిసారి ఫలించలేదు. రెండోసారికి గాజులు తాకట్టు పెట్టేదాకా ఏడాది ఆగాల్సి వచ్చింది. ఆ వయసులో ఏడాదంటే మాటలు కాదు, నాకప్పటికే 36. ఇలాంటి క్లినిక్‌ల కోసం తెచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం కింద క్లినిక్‌కి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకో, నంబరు అడిగితే తప్పుగా అనుకోరు. ఇద్దరి ఆధార్ కార్డులూ దగ్గర పెట్టుకోండి. సంతకాల కాగితాలు ఒకరోజు ముందే ఇంటికి తెచ్చుకుని చదవండి. కౌంటర్ దగ్గర నిలబడి ఎవరూ చదవలేరు.

ఇక అల్లుడుగారి సంగతి. మనవాళ్లకి ఇది ఆడదాని వైద్యమే. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది, అంటే ఆయన సిగరెట్టు ఈ నెలలో మానితే ఫలితం మూడో నెలకి గానీ కనపడదు. మానమని నువ్వు చెప్పకు, డాక్టరు చేత చెప్పించు. ఇంకొకటి, సిగ్గుపడకుండా చదువు. నీ గుడ్లు తీసే రోజు, దాన్నే పికప్ అంటారు, ఆయన పొద్దున్నే వీర్యం శాంపిల్ ఇవ్వాలి. ఆ టెన్షన్లో ఇవ్వలేకపోయిన మగవాళ్లని నేను ఆ వరండాలో చూశాను, పాపం గోడవైపు తిరిగి కూర్చుంటారు. ముందే ఒకటి ఇచ్చి ఫ్రీజ్ చేయించి ఉంచమని అడగండి.

నువ్వు ఫోలిక్ యాసిడ్ ఇప్పుడే మొదలుపెట్టమన్నారా? థైరాయిడ్, షుగర్, రుబెల్లా పరీక్షలు అయ్యాయా? లేకపోతే అడిగి చేయించుకో.

ఇంజెక్షన్లు నెలసరి రెండో రోజో మూడో రోజో మొదలై, పది రోజులు అటూ ఇటూగా ఉంటాయి. మధ్యలో స్కాన్‌లు. రోజూ ఖమ్మం నుంచి తిరగలేవు, ఆ పదిహేను రోజులూ హైదరాబాద్‌లోనే ఉండు. పొట్ట మీద, బొడ్డుకి రెండు వేళ్లు పక్కన, ఒకరోజు కుడి ఒకరోజు ఎడమ. మొదటి రోజు నర్సు ముందు నీ చేత్తోనే చేసుకో, తర్వాత ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. కొన్ని మందులు ఫ్రిజ్‌లోనే ఉండాలి, అదీ తలుపు అరలో కాదు, గడ్డకట్టే డీప్ ఫ్రీజర్లో అసలే కాదు. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవొద్దు.

వీటన్నిటికీ చివర ట్రిగ్గర్ అని ఒక ఇంజెక్షన్ ఉంటుంది. దాని టైము చూసే, 34 నుంచి 36 గంటల తర్వాత గుడ్లు తీస్తారు. మాకు రాత్రి తొమ్మిదిన్నరకి అన్నారు. ఆ రోజు తెనాలిలో పెళ్లి. ఎనిమిదికల్లా బయల్దేరదాం అనుకున్నాం, ఎవరో పంక్తిలో కూర్చోబెట్టారు. మందేమో గుంటూరులో మా ఫ్రిజ్‌లో! మీ బాబాయ్ స్కూటర్ నడిపిన తీరు ఇప్పటికీ తలుచుకుంటే కాళ్లు వణుకుతాయి. తొమ్మిది యాభైకి వేసుకున్నా. దాచకుండా క్లినిక్‌కి ఫోన్ చేసి చెప్తే, పికప్ కూడా ఆ ఇరవై నిమిషాలు జరిపారు. నువ్వు ఆ రోజు గుమ్మం దాటకు. ఒకవేళ ఆలస్యమైతే నిజం చెప్పు.

పికప్ మత్తులో అయిపోతుంది. తర్వాత కాస్త ఉబ్బరం మామూలే. ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా, పొట్ట బాగా బిగిసి బరువు ఒక్కసారిగా పెరిగినా అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యాల్సిందే.

అప్పట్నుంచి లెక్క తగ్గుతూ పోతుంది. నాకు 11 గుడ్లు అన్నారు, ఊరంతా పండగ చేసుకున్నాం. పక్వమైనవి 8. మర్నాడు ఫోన్ చేసి ఫలదీకరణ అయినవి 5 అన్నారు. ట్రాన్స్‌ఫర్‌కి మిగిలినవి 2. మిగతావి ఏమయ్యాయని మా అత్తగారు నన్నే అడిగింది, నేనేదో పారేసినట్టు. అలా తగ్గడం అందరికీ ఉండేదే. ఆ సంఖ్యలు నువ్వూ అల్లుడుగారూ తప్ప మూడోవాళ్లకి తెలియక్కర్లేదు.

ట్రాన్స్‌ఫర్‌కి మూత్రసంచి నిండుగా ఉండాలంటారు. డాక్టరు ఎప్పుడూ ఆలస్యమే కాబట్టి నీళ్లు ఎప్పుడు తాగాలో నర్సుని అడిగే తాగు. తర్వాత పదిహేను రోజులు మంచం దిగొద్దని నన్ను పడుకోబెట్టారు. అది అవసరమే లేదు, లేచి తిరిగినంత మాత్రాన పిండం జారిపోదు. గర్భం నిలవడానికి నడుముకి వేసే ప్రొజెస్టిరాన్ నూనె ఇంజెక్షన్ అయితే గడ్డలు కడుతుంది, గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టుకో. కింద కాస్త రక్తం కనపడినా నీ అంతట నువ్వు మందు ఆపొద్దు, అడుగు. ఇంట్లో టెస్టు పెట్టుకోకు. గర్భం టెస్టు వెతికే హార్మోనే హెచ్‌సీజీ, ట్రిగ్గర్‌లోని ఆ హెచ్‌సీజీ ఒంట్లో కొన్నాళ్లు ఉండి, లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. రక్తంలో ఆ హార్మోన్ ఎంతుందో చూసే బీటా రిపోర్టే లెక్క.

ఆ రిపోర్టు తేదీ నేను పదిమందికి చెప్పుకున్నాను. రాలేదని తెలిసిన రోజు సాయంత్రం దాకా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. "ఏమైందమ్మా" అన్న ప్రతివాళ్లకీ నేనే మళ్లీ చెప్పాలి. ఏడవడానికి కూడా టైము దొరకలేదు. మీ అమ్మకి చెప్పు, తప్పదు. మీ అత్తగారికి వైద్యం జరుగుతోందని చెప్పు, తేదీ చెప్పకు. నాక్కూడా చెప్పకు, నేను ఆగలేను, తెల్లారకముందే ఫోన్ చేసేస్తా.

మందులు తీసుకెళ్లే ఐస్ డబ్బా నా దగ్గరే ఉంది, కొనకు. రెండు ఐస్ ప్యాకులూ ఇవాళే గడ్డకట్టడానికి పెట్టాను. ఆదివారం మీ బాబాయ్ ఖమ్మం వస్తున్నారు, ఇచ్చి పంపిస్తా.

మీ పిన్ని