పెద్దమనిషి దొంగా, ఘరానా దొంగా?

సందేహం: 1989లో జపాన్ టీవీలో వచ్చిన ‘బై బై లిబర్టీ’ అనే యానిమేషన్ సినిమా ఈమధ్యే చూశానండి, అందులో హీరో లుపిన్ అనే దొంగ. న్యూయార్క్ లిబర్టీ విగ్రహంలో దాచిన వజ్రం కోసం ఏకంగా ఆ విగ్రహం మీదే కన్నేస్తాడు. దాని గురించి తెలుగులో రాస్తూ జెంటిల్‌మన్ థీఫ్, అంటే దర్జాగా, మర్యాదగా దొంగతనం చేసేవాడు, అనేదాన్ని ‘పెద్దమనిషి దొంగ’ అన్నాను. అది తప్పుడు అర్థం ఇస్తుందని మా అన్నయ్య అంటున్నాడు. మరి ఏమనాలి? అతని పూర్తి పేరు ‘లుపిన్ ది థర్డ్’ని తెలుగులో ఎలా రాయాలి?

సమాధానం: మీ అన్నయ్య చెప్పింది కరెక్టేనండి. మనకి ‘పెద్దమనిషి’ అంటే ఊళ్ళో పరువున్నవాడు, నలుగురికీ తీర్పు చెప్పేవాడు. దాని పక్కన దొంగ అని పెట్టగానే పైకి పెద్దమనిషిలా ఉంటూ లోపల జనం సొమ్ము తినేవాడు గుర్తొస్తాడు తప్ప, సూట్ వేసుకుని నవ్వుతూ వజ్రం కొట్టేసేవాడు గుర్తురాడు. పోనీ అటుది ఇటు తిప్పి ‘దొంగ పెద్దమనిషి’ అందామంటే ఇంకా ఘోరం, ఎందుకంటే మన భాషలో దొంగ ముందుకొస్తే నకిలీ అని అర్థం వచ్చేస్తుంది, దొంగనోట్లు, దొంగ ఏడుపు, దొంగనిద్ర అన్నట్టు. ఇదే లుపిన్‌తో 1979లో వచ్చిన జపాన్ దర్శకుడు మియజాకి సినిమా మొదట్లో క్యాసినో కొల్లగొట్టి తెచ్చిన డబ్బంతా నకిలీదని తేలుతుంది చూడండి, అక్కడ దొంగ చేతిలో దొంగనోట్లు అని మనం హాయిగా రాసుకోవచ్చు, ఒకే మాట రెండు పనులు చేస్తుంది.

‘మర్యాదస్తుడైన దొంగ’ తప్పు కాదు గానీ అది పేరు కాదు, వివరణ. ఎవరూ అలా పిలవరు. ‘గజదొంగ’లో గజ అంటే గజ ఈతగాడులో ఉన్నట్టు ఆరితేరినవాడని, పనితనం వరకు బాగానే సరిపోతుంది, కానీ ఆ మాట వినగానే భయం వేస్తుంది, ముచ్చటేయదు.

నా ఓటు ‘ఘరానా దొంగ’కి. హిందీలో ఘరానా అంటే ఇల్లు, వంశం, సంగీతం వాళ్ళు గ్వాలియర్ ఘరానా అంటారే అదే. మన దగ్గరికొచ్చేసరికి దర్జా, గొప్ప, దానితోపాటు కాస్త తెగింపు కూడా ఆ మాటకి అంటుకున్నాయి, ఇప్పుడు పేపర్లో ఘరానా మోసం అని రాస్తే అందరికీ అర్థమవుతుంది. ఈ కథకి ఆ మాట రెండు వైపులా అతుకుతుంది, అది నాకు చాలా నచ్చింది. ఎలాగంటే ఈ లుపిన్ సొంతంగా పుట్టుకొచ్చిన దొంగ కాదు, ఫ్రెంచ్ రచయిత మోరిస్ లెబ్లాన్ 1905లో సృష్టించిన ఆర్సెన్ లుపిన్‌కి మనవడని చెప్పి మంకీ పంచ్ అనే కలంపేరుతో కజుహికో కాటో 1967లో మొదలుపెట్టిన కామిక్ పాత్ర. అంటే దొంగతనం తాత నుంచి వచ్చిన వంశవిద్య, అచ్చంగా ఘరానానే! లుపిన్ గ్యాంగులో కత్తి పట్టే గోయెమోన్ కూడా 16వ శతాబ్దపు జపాన్ దొంగ ఇషికావా గోయెమోన్ వంశంలో పదమూడోవాడు, కాబట్టి ఆ గుంపులో ఘరానాలు రెండున్నాయి.

జపాన్ వాళ్ళు ఇలాంటి దొంగని ‘కైతో’ అంటారు, అందులో మొదటి అక్షరానికి వింత, అంతుపట్టనిది అని అర్థం, రెండోది దొంగతనం. దానికి మాత్రం మన ‘మాయదొంగ’ సరిగ్గా సరిపోతుంది, కృష్ణుణ్ణి అనుకునే మాటే కాబట్టి ముద్దు కూడా ధ్వనిస్తుంది.

అసలు ఇలాంటి దొంగ మనకి కొత్త అనుకోకండి. మృచ్ఛకటికం అనే పాత సంస్కృత నాటకంలో శర్విలకుడనే దొంగ ఉన్నాడు కదా, చారుదత్తుడి ఇంటికి కన్నం వేసేటప్పుడు కొలతతాడు మర్చిపోయి జంధ్యంతో కొలుస్తాడు, కన్నం ఏ ఆకారంలో ఉంటే అందంగా ఉంటుందని ఆలోచించి పూర్ణకుంభం ఆకారం ఎంచుకుంటాడు, పసిపిల్లల జోలికీ ఒంటిమీద నగలున్న ఆడవాళ్ళ జోలికీ పోనని చెప్పుకుంటాడు. తర్వాత ఆ ఇంటి యజమాని చారుదత్తుడే ఆ కన్నం చూసి ఎంత బాగుందో అంటాడు. నా లెక్కలో లుపిన్‌కి మన వైపు దగ్గరి చుట్టం ఇతనే.

ఇక పేరు. జపనీస్‌లో ర, ల తేడా లేదు కాబట్టి వాళ్ళు ‘రుపాన్’ అంటారు, సినిమాలో మీకు వినపడేది అదే. ఫ్రెంచ్‌లో చివరి నకారం పూర్తిగా పలకదు, ముక్కులోంచి వస్తుంది, మన పాత పుస్తకాల్లో అరసున్న పెట్టి ‘లుపాఁ’ అని రాసేవాళ్ళేమో, కానీ ఇవాళ ఎవరు చదువుతారు చెప్పండి. ‘లుపిన్’ అలవాటైపోయింది, అదే ఉంచండి. ‘ది థర్డ్’ మాత్రం వద్దు. జపనీస్‌లో ‘సన్సేయ్’ అన్నా మూడో తరం అనే కదా, మనం రెండో పులకేశి, రెండో దేవరాయలు అని శుభ్రంగా అనుకుంటున్నాం, అలాగే ‘మూడో లుపిన్’ అనండి.

మీరు అడగలేదు గానీ ఇంకోటి. అతన్ని ఏ సర్వనామంతో రాయాలి అనేది పై మాటలన్నిటికంటే ముఖ్యం. ఇంగ్లీషులో మగవాళ్ళందరికీ ‘హీ’ అనే ఒకే మాట కాబట్టి వాళ్ళకి ఈ బాధ లేదు. కథ మీరు చెప్పేటప్పుడు ‘అతను’ అని రాయండి, ‘ఆయన’ అంటే దూరం పెరుగుతుంది, ‘వాడు’ అంటే మామూలు జేబుదొంగ అయిపోతాడు. కానీ ఏళ్ళ తరబడి వెంటపడుతున్న ఇన్‌స్పెక్టర్ జెనిగాత నోట మాత్రం ‘వాడు’ అనే రావాలి, ‘ఒరేయ్ లుపిన్’ అనే అరవాలి, ఆ ‘ఒరేయ్’లో కోపం ఎంతుందో ఇష్టం కూడా అంతే ఉంటుంది.