ప్రదర్శన కంటే ముందే పేటెంట్ దరఖాస్తు

ప్రశ్న: సత్తెనపల్లి దగ్గర వెల్డింగ్ షాపు నడుపుతున్నాను. ఎండుమిర్చి తొడిమలు తీసే చిన్న యంత్రం తయారు చేశాను. మా ఇంట్లోవాళ్లు తప్ప దాన్ని ఇంకా ఎవరూ చూడలేదు. వచ్చే నెల వ్యవసాయ ప్రదర్శనలో పెట్టమని మిత్రులు ప్రోత్సహిస్తున్నారు. పేటెంటుకు దరఖాస్తు ఎలా చేయాలి? ఖర్చు ఎంత? నేనే సొంతంగా వేసుకోవచ్చా?

జవాబు: దయచేసి దరఖాస్తు వేశాకే ఆ ప్రదర్శనకు వెళ్లండి. 1970 నాటి పేటెంట్ల చట్టం ప్రకారం, దరఖాస్తు తేదీ నాటికి ఆవిష్కరణ బయటి ప్రపంచానికి తెలిసి ఉండకూడదు. పదిమందిలో నడిపి చూపినా, వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టినా ఆ కొత్తదనం పోతుంది. కేంద్ర ప్రభుత్వం గెజెట్‌లో ప్రత్యేకంగా ప్రకటించిన ప్రదర్శనలకు 12 నెలల వెసులుబాటు ఉన్న మాట నిజమే గాని, మామూలు వ్యవసాయ ప్రదర్శనను నమ్ముకుని ఆ సాహసం చేయవద్దు.

నెలలోపు పూర్తి పత్రాలు సిద్ధం చేయడం కష్టం కనుక, ముందుగా తాత్కాలిక వివరణ పత్రమైన ప్రొవిజనల్ స్పెసిఫికేషన్‌తో దరఖాస్తు వేసి తేదీ దక్కించుకోండి. ఆ తేదీ నుంచి 12 నెలల్లోగా పూర్తి వివరణ పత్రమైన కంప్లీట్ స్పెసిఫికేషన్ ఇవ్వాలి. అయితే ప్రొవిజనల్ అంటే ఏదో నాలుగు ముక్కలు రాసి పంపేది కాదు. అందులో వివరించిన అంశాలకే ఆ తేదీ వర్తిస్తుంది కాబట్టి, యంత్రం ఎలా పనిచేస్తుందో బొమ్మలతో సహా రాయండి.

రాయడానికి ముందు, మన పేటెంట్ కార్యాలయపు వెబ్‌సైట్‌లోని పేటెంట్లను వెతికే విభాగమైన ఇన్‌పాస్‌లోనూ, విదేశీ దరఖాస్తుల కోసం ప్రపంచ మేధో సంపత్తి సంస్థ వారి వెబ్‌సైట్ పేటెంట్‌స్కోప్‌లోనూ ఉచితంగా వెతకండి. తొడిమలు తీసే యంత్రాలు ఇదివరకే ఉన్నాయి. అవి కనిపించాయని నిరుత్సాహపడకండి. మీ యంత్రం వాటికి ఎక్కడ భిన్నంగా ఉందో తేల్చుకోవడానికే ఈ వెతుకులాట.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది కంప్లీట్ స్పెసిఫికేషన్ చివర రాసే క్లెయిముల (ఏది మీ సొంతమని కోరుతున్నారో చెప్పే వాక్యాల) మీద, ఎందుకంటే మీ హక్కుకు హద్దులు గీసేవి అవే. మీ యంత్రంలో రెండు రబ్బరు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతూ తొడిమను పట్టి లాగుతాయనీ, కాయ సైజును బట్టి వాటి మధ్య సందును ఒక స్ప్రింగు సర్దుతుందనీ అనుకుందాం. "మిర్చి తొడిమలు తీసే యంత్రం" అని మాత్రమే రాస్తే అది పాతదేనని తిరస్కరిస్తారు. "4 మిల్లీమీటర్ల సందు గల రోలర్లు" అని బిగించి రాస్తే, 5 మిల్లీమీటర్లతో చేసుకున్న పొరుగు షాపువాణ్ణి మీరు ఆపలేరు. స్ప్రింగు ద్వారా సందు దానంతట అదే మారే ఏర్పాటే మీ కొత్తదనమైతే, మొదటి క్లెయిము దాని మీద నిలబడాలి. కొలతలు, రబ్బరు రకం వంటివి ఆ తర్వాతి క్లెయిముల్లో చేర్చాలి.

పత్రాలు ఇంగ్లిషులో గాని హిందీలో గాని ఉండాలి. అయినా ముందు తెలుగులోనే, ఒక కొత్త మేస్త్రీ చదివి యంత్రం తయారు చేసుకోగలిగేంత వివరంగా రాసి, ఆ తర్వాత అనువాదం చేయించండి. మీకు తెలిసిన అత్యుత్తమ పద్ధతిని దాచిపెట్టడానికి చట్టం ఒప్పుకోదు.

సొంతంగా వేయడానికి అడ్డేమీ లేదు. క్లెయిములు రాయడం వరకైనా రిజిస్టర్డ్ పేటెంట్ ఏజెంటు సాయం తీసుకోమని నా సలహా. ఆయన ఫీజు వేరుగా ఉంటుంది. ఆ స్తోమత లేకపోతే గ్రామీణ ఆవిష్కర్తలకు చేయూతనిచ్చే గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌ను సంప్రదించవచ్చు. వ్యక్తులకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 30 పేజీలు, 10 క్లెయిముల వరకు 1,600 రూపాయలు. రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నై పేటెంట్ కార్యాలయమే వర్తిస్తుంది.

దరఖాస్తు వేయగానే దానంతట అదే పరీక్షకు, అంటే పేటెంట్ అధికారి పరిశీలనకు, రాదు. దరఖాస్తు తేదీ నుంచి 31 నెలల్లోగా ఫారం 18తో, 4,000 రూపాయలు చెల్లించి పరీక్ష కోరాలి. ఆ గడువు దాటితే దరఖాస్తును మీరే ఉపసంహరించుకున్నట్టు లెక్కిస్తారు.