పొడి అక్షరాలు రాసే ముందు

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. కరువు మీద రాసేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, కాలువ పక్కనే ఉండి కూడా నీళ్లు అందని ఊళ్ల గురించి రాయాలని నీకు తోచడం నాకు బాగా నచ్చింది. మనుషులు కళ్లకు కనబడుతున్నారు, మాట సాఫీగా నడుస్తోంది. ఒక్క విషయం మాత్రం నన్ను ఆపేసింది, ఈ ఉత్తరమంతా దాని గురించే. మొదటి పేరాలోనే టీబీ, హెచ్‌ఎల్‌సీ, ఆర్‌డీటీ, ఎస్‌కేయూ, సీపీఐ అని పొడి అక్షరాలన్నీ, అంటే మాటల మొదటి అక్షరాలతో చేసిన పొట్టి పేర్లన్నీ వచ్చేశాయి, ఒక్కదానికీ పూర్తి పేరు లేదు. అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర నిలబడి చదివేవాడికి ఏ ఇబ్బందీ ఉండదు. కానీ నీ వ్యాసం శ్రీకాకుళంలో డిగ్రీ చదివే అమ్మాయి కూడా చదువుతుంది, అమెరికాలో ఉద్యోగం చేసుకునే మన ఊరి పిల్లవాడూ చదువుతాడు. అవే అక్షరాలు వాళ్లకు వేరే సంగతులు చెబుతాయి.

‘టీబీ బోర్డు నిర్లక్ష్యం’ అని రాశావు. మనకు టీబీ అంటే తుంగభద్ర. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కూడా మనం టీబీ డ్యాం గేటు అనే మాట్లాడుకున్నాం. మన జిల్లాలు దాటితే టీబీ అంటే క్షయ జబ్బే, నీ వాక్యం చదివినవాళ్లు ఆస్పత్రుల గురించి అనుకుంటారు. తుంగభద్ర అని రాయడానికి ఎంత చోటు పడుతుంది చెప్పు! అంత చక్కటి నది పేరు చేతిలో ఉండగా రెండు ఇంగ్లీషు అక్షరాలతో సరిపెట్టడం నాకు మనసొప్పదు. అట్లాగే ఆదోని, ఎమ్మిగనూరు రైతుకు ఎల్‌ఎల్‌సీ అంటే తుంగభద్ర దిగువ కాలువ, అమెరికాలో ఉన్నవాళ్లకు అది కంపెనీ పేరు చివర తగిలించే తోక. ‘ఎల్‌ఎల్‌సీ ఎండిపోయింది’ అంటే ఇద్దరికీ అర్థమవుతుంది, కాకపోతే ఒకరికి పంట పోయినట్టు, ఇంకొకరికి వ్యాపారం పోయినట్టు. కేసీ కాలువ సంగతి ఇంకా చిత్రం, కర్నూలు, కడప రెండు పేర్ల మొదటి అక్షరాలవి. 2005లో కడప ఇంగ్లీషు స్పెల్లింగ్ కె తో మొదలయ్యేలా మార్చారు, కాలువ పేరులో మాత్రం పాత సి అట్లాగే ఉండిపోయింది. తెలియనివాళ్లు కేసీ అంటే ఎవరో పెద్దమనిషి ఇంటిపేరు అనుకుంటే వాళ్ల తప్పేం లేదు.

ఎందుకిట్లా అవుతుందంటే ఇంగ్లీషులో ఉన్నవి ఇరవై ఆరు అక్షరాలే. మూడేసి చొప్పున ఎన్ని రకాలుగా కలిపినా 17,576కు మించి రావు, ప్రపంచంలో ఉన్న సంస్థలూ పథకాలూ జబ్బులూ యంత్రాలూ అన్నీ వాటిలోనే సర్దుకోవాలి. వేర్వేరు రంగాల్లో ఉన్నంతకాలం ఎవరి దారి వాళ్లది. ఎదురుపడితే కోర్టు దాకా కూడా పోతుంది. పాండా బొమ్మ గుర్తుగా ఉన్న వన్యప్రాణి సంస్థ, అమెరికా కుస్తీ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అన్న అక్షరాల కోసం కొట్లాడుకుని, చివరికి 2002లో కుస్తీవాళ్లే పేరు మార్చుకోవలసి వచ్చింది.

ఆర్‌డీటీ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. మనకది రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే సేవాసంస్థ. అనంతపురం పల్లెల్లో ఆ మూడక్షరాలు వినగానే బత్తలపల్లి ఆస్పత్రి, కాలనీ ఇళ్లు, బడులు, 1969లో ఇక్కడికొచ్చి ఆ సంస్థ పెట్టి చివరిదాకా ఇక్కడే ఉండిపోయిన ఫాదర్ ఫెర్రర్, అన్నీ ఒకేసారి మనసులోకి వస్తాయి. అదే ఆరోగ్య కార్యకర్త దగ్గర కూర్చుంటే ఆర్‌డీటీ అంటే మలేరియా ఉందో లేదో చూసే ఒక చిన్న ప్లాస్టిక్ పట్టీ. జ్వరమొచ్చిన మనిషి వేలు చివర సూదితో గుచ్చి, ఒక చుక్క నెత్తురు దాని మీద వేసి, పక్క గుంటలో మందు చుక్కలు వేసి పావుగంటో ఇరవై నిమిషాలో చూస్తారు. ఒక్క గీతే, అది కూడా సి అన్నచోట వస్తే మలేరియా లేదు, ఇంకో గీత కూడా పడితే ఉంది, సి దగ్గర గీతే రాకపోతే ఆ పట్టీ పనికిరాదు. ఇప్పుడు నీ వాక్యం చూడు: ‘ఊళ్లో జ్వరాలు వస్తే ఆర్‌డీటీ వచ్చింది’. వచ్చింది సంస్థా, పట్టీనా? మన జిల్లాలో రెండూ వచ్చే అవకాశం ఉంది, అందుకే ఇక్కడ ఊహకు వదిలేయకూడదు.

ఇంకొకటి సరిహద్దు సంగతి. రాయదుర్గం దాటి బళ్లారి వైపు పోతే ‘ఆర్‌టీసీ లేదని బ్యాంకోళ్లు లోన్ ఇయ్యలేదప్పా’ అనే మాట వినబడుతుంది. మనకు ఆర్‌టీసీ అంటే బస్సు. కర్ణాటకలో అది పొలం హక్కు, సాగు, పంట రాసి ఉండే కాగితం, మన అడంగల్ లాంటిది. బస్సు లేక బ్యాంకుకు పోలేకపోయాడని రాస్తే ఆ రైతు కష్టం మొత్తం మారిపోతుంది. ఆఫీసుల చుట్టూ తిరిగి అలిసిపోయిన మనిషిని బస్సు తప్పిపోయిన మనిషిగా చేసేస్తాం, అది ఆయనకు అన్యాయం.

సమాచారం వెతికేటప్పుడు ఇంకా జాగ్రత్త. ఎస్‌కేయూ అని ఫోన్‌లో కొడితే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కంటే ముందు గోడౌన్లలో సరుకుకు ఇచ్చే నంబర్ల గురించి వస్తుంది. ఏటీపీ అంటే రైల్వేవాళ్లకు అనంతపురం స్టేషన్, బయాలజీ చదివే పిల్లలకు కణంలో శక్తి, టెన్నిస్ చూసేవాళ్లకు ఆటగాళ్ల సంఘం. టీఎంవీ-2 మన మెట్ట పొలాల్లో దశాబ్దాలుగా వేసిన వేరుశనగ విత్తనం, తిండివనం నుంచి వచ్చింది. ఉత్త టీఎంవీ అని వెతికితే పొగాకు తెగులు వైరస్ దొరుకుతుంది. ‘సీపీఐ పెరిగింది’ అని ఎక్కడైనా కనబడితే అది పార్టీ బలమా, ధరల సూచీయా అని చూసుకోకుండా అంకె ఎత్తి రాయొద్దు.

తెలుగులో మనకు ఇంకో చిక్కుంది. ఇంగ్లీషులో పెద్దక్షరాలు చూడగానే ఇది పొడి అక్షరాల పేరని తెలిసిపోతుంది, మన లిపిలో ఆ సౌకర్యం లేదు. అరసం, విరసం అన్నవి సాహిత్యం తెలిసినవాళ్లకు రచయితల సంఘాలు, కొత్త పాఠకుడికి మామూలు మాటల్లా కనబడతాయి. అందుకే మొదటిసారి పూర్తి పేరు రాసి, ఆ తర్వాత పొట్టి చెయ్యి. ఒకేసారి వాడే పేరైతే పొట్టి చేయనే వద్దు. ‘ఐటీ కంపెనీపై ఐటీ దాడులు’ లాంటివి చోటు లేక హెడ్డింగులో పెడితే పెట్టారు, నీ వ్యాసంలో మాత్రం ఆదాయపు పన్ను అధికారులు అని నిదానంగా రాయి, ఎవరూ తరమడం లేదు.

పాత్రలు మాట్లాడేటప్పుడు మాత్రం దీనికి పూర్తిగా తిరగబడు. మీ అవ్వ ‘ఆర్‌డీటీ వాళ్లు ఇల్లు కట్టిచ్చిరి నాయనా’ అంటుంది గానీ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అని చచ్చినా అనదు. ఆమె నోట్లో పూర్తి పేరు పెడితే అవ్వ పోయి ఆఫీసరమ్మ వస్తుంది. ఆమె మాట ఆమెకే వదిలేసి, అర్థం తెలిపే పని చుట్టూ ఉన్న వాక్యాలకు అప్పగించు. గోడ మీద సంస్థ పేరు ఉందనుకో, అది చూపించు. కాలువ గురించి మాట్లాడుతుంటే గట్టునూ తూమునూ, కాలువ కాపలా చూసే లస్కరునూ చూపించు, హెచ్‌ఎల్‌సీ అంటే ఎగువ కాలువ అని అప్పుడు వేరే చెప్పనక్కర్లేదు.

పూర్తి పేరు ఊహించి మాత్రం విడదీయొద్దు. అడిగితే పదిమంది పది రకాలుగా చెబుతారు, అందరూ నమ్మకంగానే చెబుతారు. బోర్డు చూడు, రసీదు చూడు, ఉత్తరం మీద కొట్టిన ముద్ర చూడు. ఆ బళ్లారి వైపు రైతు దగ్గరికి మళ్లీ పోయే పనుంటే కాగితం చేతిలోకి తీసుకుని పైన ఏం రాసుందో చదివించుకో, కన్నడ రాకపోతే ఆయన్నే చదవమను, పక్కన కూర్చుని రాసుకో.

మీ అన్న