చేయి వణికేవారికి మౌస్: కొత్తది కొనే ముందు మార్చి చూడాల్సినవి

చేతి వణుకు వల్ల మీ నాన్నగారికి డబుల్ క్లిక్ కుదరడం లేదని, ఫైళ్లు తెలియకుండానే వేరే ఫోల్డర్లలోకి వెళ్లిపోతున్నాయని రాశారు. ఖరీదైన మౌస్ కొంటే తీరుతుందా అని అడిగారు. నాకూ కుడిచేతికి వణుకు ఉంది. డీటీపీ పని కాబట్టి పొద్దస్తమానం మౌస్ పట్టుకోక తప్పదు. కొనడం గురించి చివర్లో ఆలోచించండి. కావలసినవి చాలావరకు విండోస్‌లోనే ఉన్నాయి.

డబుల్ క్లిక్ వేగం తగ్గించమని అందరూ చెబుతారు. వేళ్లు నిదానించినవారికి అది మంచి సలహాయే కానీ, వణుకు ఉన్నవారి ఇబ్బంది వేరు. మొదటిసారి నొక్కాక రెండోసారి నొక్కేలోపు పాయింటర్ పక్కకు జరిగిపోతుంది. రెండు క్లిక్కులూ చాలా చిన్న చదరంలో, మామూలుగా నాలుగు పిక్సెళ్ల వెడల్పులో పడితేనే విండోస్ దాన్ని డబుల్ క్లిక్‌గా లెక్కిస్తుంది. ఇక బటన్ నొక్కి ఉండగానే చేయి కదిలితే, ఫైలును లాగుతున్నారని అనుకుంటుంది. మీ నాన్నగారి ఫైళ్లు ఇల్లు మారుతున్నది ఇందువల్లే. అలా జరిగిన వెంటనే కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే ఫైలు తిరిగి వస్తుంది. ఈ ఒక్కటి ఆయనకు ముందుగా నేర్పండి, సగం భయం పోతుంది.

అసలు డబుల్ క్లిక్ అవసరమే లేకుండా చేయవచ్చు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్ తెరిచి, జనరల్ ట్యాబ్‌లో సింగిల్ క్లిక్ ఎంచుకోండి. అప్పుడు ఒక్కసారి నొక్కితే చాలు, ఫైలు తెరుచుకుంటుంది.

నాకు అన్నిటికన్నా మేలు చేసింది మౌస్ కీస్. ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్, నమ్ లాక్ మూడూ కలిపి నొక్కి, వచ్చే ప్రశ్నకు ఎస్ అనండి. కీబోర్డు కుడివైపున ఉన్న అంకెల మీటలే ఇక మౌస్. 8 పైకి, 2 కిందికి, 4 ఎడమకు, 6 కుడికి, మూలల్లోని అంకెలు ఏటవాలుగా తీసుకువెళ్తాయి. 5 నొక్కితే క్లిక్, ప్లస్ నొక్కితే డబుల్ క్లిక్. 0 నొక్కితే వస్తువును పట్టుకుంటుంది, చుక్క నొక్కితే వదులుతుంది. పేజీలో ఒక ఫొటోను గీతకు సరిగ్గా ఆనించాల్సి వచ్చినప్పుడు నేను మౌస్ జోలికే వెళ్లను. 0 నొక్కి, 6ను ఒక్కొక్కసారి తాకుతూ జరుపుతాను. వణికే వేలితో తాకినా పాయింటర్ వణకదు. అంత హాయి ఇంకెందులోనూ లేదు. ఒక జాగ్రత్త: ఇది పనిచేస్తున్నంతసేపు ఆ మీటలతో అంకెలు పడవు. బ్యాంకు ఖాతా నంబరు లాంటివి పై వరుసలోని అంకెలతో కొట్టమనండి.

దూరంగా లాగాల్సిన పనులకు క్లిక్ లాక్ ఉంది. మౌస్ ప్రాపర్టీస్‌లో బటన్స్ ట్యాబ్‌లో దొరుకుతుంది. కాసేపు నొక్కి వదిలితే, బటన్ పట్టుకునే ఉన్నట్టు లెక్క. మళ్లీ నొక్కితే విడుస్తుంది. అక్కడే పాయింటర్ ఆప్షన్స్‌లో వేగం తగ్గించండి. వణుకు తెరమీద తక్కువగా కనిపిస్తుంది. కంట్రోల్ నొక్కగానే పాయింటర్ ఎక్కడుందో చూపించే వీలు కూడా ఆ ట్యాబ్‌లోనే ఉంది. పాయింటర్ పరిమాణం, రంగు మాత్రం సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద మారుతాయి. పెద్దగా, పసుపు రంగులో పెట్టి చూడండి.

అన్నీ ఒకేరోజు మార్చకండి. ఏది నప్పిందో, ఏది విసుగు తెప్పించిందో ఆయనకే తెలియాలి. ఇవన్నీ చూశాక కూడా ఇబ్బందిగానే ఉంటే ట్రాక్‌బాల్ కొనండి. అది బల్లమీద కదలదు, బంతిని వేళ్లతో తిప్పితే చాలు. బటన్లు బంతికి దూరంగా ఉన్నది ఎంచుకోండి, నొక్కేటప్పుడు బంతి కదలదు. వీలైతే ఆయననే దుకాణానికి తీసుకెళ్లి చేతిలో పెట్టి చూపించండి.